ఎండు కొండ లోపలి నీళ్ళు

వెంకటమ్మాళ్‌కు అరవై రెండేళ్ళు. ఆ వయసు మనిషి తలకు ఎర్ర హెల్మెట్టు, ఒంటికి నారింజరంగు లైఫ్ జాకెట్టు, కాళ్ళకు కోడలి పాత బూట్లు తగిలించుకుని కొండలోయ అంచున నిలబడితే ఎవరికి నవ్వు రాదు చెప్పండి? పైగా బుద్ధెరిగాక మొదటిసారి చుడీదార్ వేసుకుంది. కోడలు మేనక పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. మేనకతో పనిచేసే నలుగురు ఆడవాళ్ళు ఆపుకోలేక నవ్వేశారు. తనను తాను ఒకసారి కిందికీ మీదికీ చూసుకుని వెంకటమ్మాళ్ కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. నవ్వనిది మనవరాలు మోనిక ఒక్కతే.

మోనికకు పదమూడేళ్ళు. మూడు నెలలుగా ఆ పిల్లకు అవ్వతో మాటల్లేవు. అడిగితే ఊఁ, కాదంటే ఊహూఁ, అంతే. తప్పు పిల్లది కాదు. సూలూరు నుంచి పొద్దున్నే మొదటి బస్సెక్కి కోయంబత్తూరు పోయి ఈత నేర్చుకునే పిల్ల అది. జిల్లాలో రెండోదిగా వచ్చింది. రాష్ట్రం పోటీలకు పిల్లల్ని ఎంచుకునే రోజు దగ్గరపడుతుండగా ఇంట్లో పెద్దమనిషైంది. సమర్త ఘనంగా చేశారు. విందై, ఆకులెత్తుతున్న వేళ వెంకటమ్మాళ్ కొడుకు దినకరన్‌ను దగ్గరికి పిలిచింది.

"పోదుం సామీ. సమర్తయిన బిడ్డకు ఇంక నీళ్ళాట వేండా," అంది.

చాలు, వద్దు అనడానికి అరవదేశంలోని ఆ తెలుగు ఇళ్ళల్లో మాట లేక కాదు. అరవంలో పోదుం అంటేనే ఆ మాట కదలకుండా కూర్చుంటుంది. దినకరన్ ఇరవై నాలుగు మరమగ్గాలు నడిపేవాడు, నలుగురికి పని చెప్పేవాడు. అయితేనేం, తల్లి మాటకు ఎదురు చెప్పిన పాపాన ఏనాడూ పోలేదు. మర్నాటి నుంచి పిల్ల బస్సెక్కడం ఆగిపోయింది. అవ్వ చెప్పింది, నాయన తలూపాడు. పిల్లను అడిగిన వాళ్ళెవరూ లేరు.

ఈ కొండయాత్ర మాత్రం అంతకు ముందే మేనక కుదుర్చుకున్నది. తనూ కూతురూ కలిసి పోవాలని ముచ్చటపడింది పాపం. ఇప్పుడు పిల్లను ఎట్లా తీసుకుపోవడమని ఇంట్లో పెద్ద తర్జనభర్జన జరిగింది. చివరకు మేనకే ఒక దారి చూపింది. మోనిక నీళ్ళలో దిగదు, పక్కన రాతి అంచు వెంట నడుస్తుంది. దానికి వెంకటమ్మాళ్ సరేనంటూనే, తానూ వస్తానంది. ఎందుకు? కాపలాకు! ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అరవై రెండేళ్ళ మనిషి కొండ దిగడానికి బయల్దేరింది పిల్ల కాళ్ళు తడవకుండా చూడడానికి.

ఆ కొండ ఆమెకు కొత్తది కాదు. వెంకటమ్మాళ్ పుట్టిల్లు వాడిపట్టి పక్క తోట. తోటలో నిలబడి ఉత్తరంగా చూస్తే ఎదురుగా ఈ కొండే. ఏడాదిలో పదినెలలు అది ఎండిన ఎముకలాగా తెల్లగా, గోధుమగా కనబడేది. రాళ్ళు, తుమ్మముళ్ళు, జెముడు డొంకలు. మేకలవాళ్ళు తప్ప అటు పోయేవాళ్ళు లేరు. ఆ కొండలో కాకి గొంతు తడపడానికి కూడా చుక్క దొరకదని వాళ్ళ నాయన అనేవాడు. పందొమ్మిదేళ్ళు ఆ కొండను చూస్తూ పెరిగి, పెళ్ళై సూలూరు పోయింది. మళ్ళీ నలభైమూడేళ్ళు. ఆ కొండ లోపల నీళ్ళు పారుతున్నాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చెప్పినవాడు శక్తివేల్. మేట్టుపాళయం మనిషి, ముప్ఫై దాటినవాడు, తాళ్ళతో జనాన్ని కొండలోయల్లోకి దింపి నడిపించడమే వాడి పని. దీపావళి నాటి ఐప్పసి వానలు పడ్డాక రెండు నెలలపాటు ఈ లోయలో వాగు పారుతుందట. పై నుంచి దిగి వాగు వెంటే నడవాలి. నాలుగుచోట్ల తాడు పట్టుకుని దిగాలి, మూడు మడుగులు దాటాలి, సాయంత్రానికి అడుగున బయటపడాలి. ఒకసారి దిగాక తిరిగి ఎక్కడం లేదు. మేకలు నడిచే అంచొకటి పక్కనే ఉంది కాబట్టి అవ్వామనవరాళ్ళు దానిమీద రావచ్చన్నాడు. అయినా జాకెట్టు మాత్రం అందరూ వేసుకోవలసిందేనన్నాడు. ఇంకొక మాట రెండుసార్లు చెప్పాడు. మడుగులో ఎవరూ గోడ దగ్గరికి పోకూడదు. భయమేస్తే వెల్లకిలా తేలి ఒళ్ళు వదిలేయాలి, నీళ్ళే మనిషిని బయటికి తెస్తాయి.

దిగారు.

మొదట అంచు కింద చీలమండ దాకా నీళ్ళు. వందడుగులు నడిచేసరికి రెండు పక్కలా రాయి లేచింది. ఇంకొంత పోయేసరికి ఆకాశం సన్నబడి చీర అంచంత అయింది. ఎండ పైనే ఎక్కడో గోడకు అతుక్కుని ఉండిపోయింది. కింద అంతా నీడ, ఆ నీడలో ఒక చల్లని వెలుగు. రాయి మీద చెయ్యి పెడితే ఒకచోట వెచ్చగా, జానెడు కిందికి తడిగా. నీళ్ళు పల్చగా పారుతుంటే అడుగున ఇసుక కూడా మెల్లగా నడుస్తున్నట్టుంది. వెంకటమ్మాళ్‌కు ఎంతసేపు నడిచిందో తెలియలేదు. తాను నిలబడి ఉందా, నడుస్తోందా, లోయే తనను దాటుకుని వెనక్కు పోతోందా అన్నది కూడా ఒకచోట తెలియలేదు. ముందు మోనిక బూట్లు రాతిమీద టపటపమంటున్నాయి. ఆ చప్పుడు పట్టుకుని నడిచింది.

మొదటి మడుగు దగ్గర అంచుమీద కూర్చున్నారు. ఆడవాళ్ళు ఒకరొకరే నీళ్ళలో పడి, కేకలు వేస్తూ అవతలికి తేలుతున్నారు. వెంకటమ్మాళ్ చూస్తూ కూర్చుంది. ఆ పచ్చని నీళ్ళను చూస్తుంటే నాయన బావి కళ్ళముందుకు వచ్చింది.

అరవై అడుగుల బావి. రాతిని తొలిచి నలుచదరంగా దింపింది. తూర్పు గోడకు మెట్లు. ఆ తోటల్లో ఆడపిల్లలు, మగపిల్లలు అని లేదు, అయిదేళ్ళు వచ్చాయంటే ఎండు సొరకాయ బుర్ర వీపుకు కట్టి బావిలోకి విసరడమే. నాయన ఆమెకు కట్టినప్పుడు నేర్పింది ఒక్కటే మాట, ఊపిరందకపోతే గోడ పట్టుకో అని. ఎనిమిదో ఏటికి బుర్ర అక్కర్లేకపోయింది. పదో ఏటికి మోటారు గది మిద్దె మీదినుంచి దూకేది. కాళ్ళు ముడిచి, గాలిలో ఒక్క క్షణం ఆగి, దభీమని. మగపిల్లలు కూడా అంత ఎత్తునుంచి జంకేవాళ్ళు. వెంకటి దూకితే బావి అడుగు కనబడుతుందని నాయన చుట్టాలకు చెప్పి మురిసిపోయేవాడు.

పదమూడో ఏట ఒక ఆదివారం బావిలోంచి పైకి వచ్చింది. అమ్మ చూసి, పరుగున వచ్చి తువ్వాలు చుట్టి లోపలికి తీసుకుపోయింది. మేనమామ పచ్చి కొబ్బరి ఓలలతో పెరట్లో గుడిసె వేశాడు. తర్వాతి ఆదివారం ఆమె ఆ గుడిసెలో ముడుచుకుని కూర్చుని ఉంటే, బావి దగ్గర పిల్లలు దూకుతున్న చప్పుడు వినబడింది. చప్పుడును బట్టి ఎవరు దూకారో చెప్పగలిగేది. ఇరవై మూడు దూకుళ్ళు లెక్కపెట్టింది. తర్వాత ఏడ్చింది. గుడిసెలోంచి బయటికి వచ్చాక ఆమెను బావికి పోవద్దని ఎవరూ అనలేదు. నాయన కూడా అనలేదు. ఆదివారాలు తమ్ముళ్ళను పిలుచుకుని పోయేటప్పుడు ఈమె వైపు చూసేవాడు కాదు, అంతే. నలభైతొమ్మిదేళ్ళలో మోకాలు దాటి నీళ్ళలోకి దిగలేదు. ఈ సంగతి మొగుడికి చెప్పలేదు, కొడుక్కు చెప్పలేదు. మోనికకు సరేసరి.

రెండో మడుగు దగ్గర మోనిక మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది. ఎదుట నీళ్ళలో అమ్మ తడబడుతూ, నీళ్ళు మింగుతూ, కాళ్ళు ఎటో చేతులెటో కొట్టుకుంటూ ఉంది. మేనకకు ఈత రాదు, జాకెట్టే మోస్తోంది. ఈత వచ్చిన పిల్ల ఒడ్డున కూర్చుంది. పక్కవాడి విస్తరి చూసే ఆకలిగొన్న బిడ్డలాగా ఆ కళ్ళు నీళ్ళమీదే ఉన్నాయి. కాలివేళ్ళు మాత్రం బూట్లలో కదులుతున్నాయి, ఈదుతున్నట్టు. వెంకటమ్మాళ్ చూసింది. కోపమా కణ్ణూ అని మెల్లగా అడిగింది. పిల్ల ఊహూఁ అంది, తల తిప్పకుండానే.

ఆ ఊహూఁ వెంకటమ్మాళ్ గుండెలో గుచ్చుకుంది. అప్పటిదాకా ఆమె తాను కట్టుబాటు కోసమే పోదుం అన్నానని నమ్ముతూ వచ్చింది. మన ఇళ్ళల్లో ఇంతే, నాకు జరిగిందే దానికి జరిగింది, ఇందులో ఏముంది అనుకుంది. ఆ రాతిమీద కూర్చుని, ఆ నీళ్ళ వెలుగులో, అసలు సంగతి ఆమెకే తెలిసొచ్చింది. అది కట్టుబాటు కాదు, ఈర్ష్య. తనకు పదమూడో ఏట ఆగిపోయింది ఈ పిల్లకు ఆగకుండా సాగిపోతుంటే చూడలేకపోయింది. పొద్దున్నే తడి జడతో ఇంటికి వచ్చే పిల్లను చూసి ఎన్నిసార్లు కడుపు మండిందో ఆమెకే తెలుసు. సొంత మనవరాలిమీద! సిగ్గుతో ఆమె ముఖం వేడెక్కింది.

మూడో మడుగు పెద్దది. పైనుంచి వాగు పన్నెండు అడుగులు దూకి పడుతోంది. ఆ హోరు లోయంతా నిండి చెవులు దిబ్బళ్ళు పడేలా ఉంది. మిగతావాళ్ళు చెవులు మూసుకున్నారు. వెంకటమ్మాళ్‌కు మాత్రం ఇంటికి వచ్చినట్టుంది. సూలూరు మగ్గాల షెడ్డులో నలభైఏళ్ళు పనిచేసిన మనిషి ఆమె. అక్కడి మోతలో నోటిమాట వినబడదు. ఆడవాళ్ళు పెదవులు చూసి మాట పట్టుకుంటారు, చేతి సైగతో జవాబు చెబుతారు. నూలు తెగితే ఒక సైగ, కండె మార్చాలంటే ఒకటి, ఆగిన మగ్గాన్ని ఇక నడపమంటే చెయ్యి ఎత్తి ఒక్కసారిగా కిందికి దించడం. మోనిక పుట్టింది ఆ షెడ్డు పక్కనే. మాటలకన్నా ముందు ఆ సైగలు నేర్చింది.

శక్తివేల్ పైన తాడు పట్టి ఒక్కొక్కరినే నీళ్ళ పక్కగా దింపుతున్నాడు. నలుగురూ దిగి, మడుగు దాటి, మలుపు అవతల కూర్చున్నారు. చివరగా మేనక తాడుకు వేలాడుతోంది. అవ్వామనవరాళ్ళు అంచుమీద నిలబడి చూస్తున్నారు. అప్పుడు ఎండ గోడ దిగివచ్చి మడుగుమీద పడింది. నీళ్ళన్నీ ఒక్కసారిగా వెలిగాయి. కింద అడుగురాళ్ళు, చేపపిల్లలు, నీళ్ళ నీడలు, అన్నీ కదులుతూ కనబడ్డాయి. వెంకటమ్మాళ్‌కు తర్వాత ఎంత అడిగినా చెప్పడం రాలేదు, తాను ఎప్పుడు అనుకుంది, ఎట్లా అనుకుంది అని. కాళ్ళు ముడుచుకున్నాయి. గాలిలో ఒక్క క్షణం ఆగింది. దభీమని పడింది.

అబ్బ, ఆ చల్లదనం! తల పైకి వచ్చేసరికి నోరంతా నవ్వే. చేతులు వాటంతటవే కదిలాయి, కాళ్ళు వాటంతటవే తన్నాయి. నలభైతొమ్మిదేళ్ళు ఎక్కడ దాక్కున్నాయో ఆ చేతులు! నాలుగు బారలు వేసింది. అయిదో బారకు ఊపిరందలేదు. అరవై రెండేళ్ళ ఊపిరి మరి. ఊపిరందకపోతే ఏం చెయ్యాలో ఒళ్ళు ఎప్పుడో నేర్చుకుంది. శక్తివేల్ రెండుసార్లు చెప్పింది చెవిలోనే ఉంది, ఒళ్ళు దాన్ని వినలేదు. నేరుగా గోడకేసి పోయింది.

బావి నీళ్ళు గోడ దగ్గర నిలకడగా ఉంటాయి. ఇవి పారే నీళ్ళు. పైనుంచి పడిన ధార ఆ గోడకు కొట్టుకుని సుడి తిరుగుతోంది. వెంకటమ్మాళ్ రాతి చీలికలో రెండు చేతుల వేళ్ళూ దూర్చి పట్టుకుంది. నీళ్ళు ఆమెను రాతికి అదిమి, భుజంమీద, ముఖంమీద కొట్టసాగాయి. పట్టు వదిలితే సుడి ఒక చుట్టు తిప్పి బయటికి నెట్టేస్తుంది. ఆ ధైర్యం ఆమెకు లేదు. జాకెట్టు మునగనివ్వదు. నీళ్ళు ఊపిరి తిప్పుకోనివ్వవు. పైన శక్తివేల్ అరుస్తున్నాడు, మేనక మధ్యలో వేలాడుతుంటే తాడు వదలలేడు. ఆమె వాడి పెదవులను చదివింది. గోడ విడవమంటున్నాడు. వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి.

అంచుమీద మోనిక వంగి నిలబడింది. హెల్మెట్టు కింద ముఖం తెల్లబోయింది. పెదవులు కదిలాయి.

"దిగనా, అవ్వా?"

వెంకటమ్మాళ్ తల అడ్డంగా ఊగింది. నమ్ముతారా? ఊపిరాడని స్థితిలో కూడా ఆ తల వద్దనే ఊగింది. అంత అలవాటైపోయింది ఆ వద్దు.

పిల్ల దిగలేదు. ఒక కాలు అంచు దాటి గాల్లో ఉంది, రెండోది రాతిమీదే ఉంది. ఏడుస్తోంది. దిగడం చేతకాక కాదు, చెప్పిన మాట దాటకూడదని. కళ్ళెదుట అవ్వ నీళ్ళు మింగుతుంటే కూడా దాటకూడదనేంతగా దానికి ఆ మాట నేర్పింది తానే. ఆ సంగతి తెలిసి వెంకటమ్మాళ్‌కు నీళ్ళకన్నా ఎక్కువ భయమేసింది. పిల్ల పెదవులు మళ్ళీ కదిలాయి.

"దిగనా?"

నోరు తెరిస్తే నీళ్ళు. చెప్పాలంటే చెయ్యి కావాలి. చెయ్యి కావాలంటే గోడ విడవాలి. వెంకటమ్మాళ్ కుడిచేతి వేళ్ళు చీలికలోంచి ఒక్కొక్కటే లాగింది. చెయ్యి తలకన్నా పైకి ఎత్తి ఒక్కసారిగా కిందికి దించింది.

మోనిక నీళ్ళలో పడ్డ చప్పుడు కూడా వినబడలేదు. ఎంత నేర్పుగా పడింది ఆ పిల్ల! నీటిపాములాగా సుడి చుట్టూ తిరిగి, అవ్వ వెనక్కు వచ్చింది. ఎడమచేతిమీద రెండుసార్లు తట్టి విడవమంది. వెంకటమ్మాళ్ విడిచింది. నీళ్ళు ఆమెను లాగి, తిప్పి, వెల్లకిలా పడవేసి, మెల్లగా మోసుకుపోయాయి. పైన ఆకాశం, రెండు పక్కలా కదిలిపోయే గోడలు, మెడ కింద మనవరాలి చెయ్యి. హోరు దూరమైపోయింది. భయం ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. ఇట్లా తేలుతూనే ఉండిపోతే బాగుండుననిపించింది.

మడుగు చివర మోకాటిలోతు గులకరాళ్ళమీద ఇద్దరూ ఆగారు. వెంకటమ్మాళ్ దగ్గింది, కక్కింది, మళ్ళీ దగ్గింది. మేనక తాడు వదిలించుకుని తడబడుతూ మడుగు దాటి వచ్చింది. తడిసి ముద్దైన అత్తనూ కూతురినీ మార్చి మార్చి చూసింది. తర్వాత, ఇంట్లో ఏం చెప్పుకోవాలని భయంభయంగా అడిగింది.

"నేను చెప్తాలేమ్మా. నేను చెప్పిందే తప్పని నేనే దినకరన్‌కు చెప్తా," అంది వెంకటమ్మాళ్.

మోనిక నీళ్ళలోనే కూర్చుని ఉంది. నడుముదాకా వాగు పారుతోంది. మూడు నెలల తర్వాత మొదటిసారి అవ్వ ముఖంలోకి చూసింది.

"ఈపొద్దుకేనా అవ్వా? లేకుంటే ఎప్పటికీనా?"

నాయన్ని అడుగు అనవచ్చు. ఇంటికి పోయాక చూద్దామనవచ్చు. ఇటువంటి మాటలు వెంకటమ్మాళ్‌కు చాలా వచ్చు, జీవితమంతా అవే విన్నది, అవే చెప్పింది. కళ్ళు తుడుచుకుంది.

"నన్ను దిగవద్దని ఎవురూ చెప్పలే, కణ్ణూ. దిగమని కూడా ఎవురూ చెప్పలే. నలభైతొమ్మిదేండ్లు ఆ ఒక్క మాటకే కాచుకోని ఉండినాను." మడుగు వైపు చెయ్యి చూపి, "పో. దిగు," అంది.

ఇంకా ఏదో చెప్పబోయింది. వినడానికి మోనిక అక్కడ లేదు. అప్పటికే మడుగు నడిమికి చేరిపోయింది.